తాండ్రలో ఇత్తడి రేకు

మా కారు క్రాంకు షాఫ్టు అరిగిపోయిందని చెప్పిన కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు, ప్రతి మాటకీ చివర "మేడమ్". రాజమండ్రిలో అద్దాల గోడల సర్వీసు సెంటరు అది. చల్లగా ఉంది. కాఫీ ఇచ్చారు. కాఫీ బాగాలేదు.

"జర్నల్స్, అంటే షాఫ్టు బేరింగుల్లో తిరిగే చోట్లు, పోయాయి మేడమ్. ఇంజను మొత్తం మార్చాల్సిందే."

"పోయాయంటే ఎక్కడికి పోయాయి? అరిగాయి. అరిగినదాన్ని సాపు చెయ్యొచ్చు కదా?"

"ఇప్పుడలా ఎవరూ చెయ్యట్లేదు మేడమ్."

"ఎవరూ చెయ్యట్లేదా, మీరు చెయ్యట్లేదా?"

కుర్రాడు మేనేజరుని పిలిచాడు. మేనేజరు నోట్లో "మేడమ్" ఇంకాస్త పొడుగ్గా ఉంది. మా ఆయన ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పెళ్ళయిన ఏడాదిలోపే నేర్చుకున్నారు. గోడవైపు తిరిగి ఫోను చూసుకుంటున్నారు. నేను మేనేజరు మీదికి నా రెండో ప్రశ్న ఎక్కుపెడుతూ ఉండగా, వెనకనున్న వర్కుషాపు తలుపు తీసుకుని ఎవరో లోపలికి వచ్చారు. ఆ మనిషితోపాటు కాలిన ఇంజనాయిలు వాసన, దాని వెనకే కిరసనాయిలు వాసన వచ్చాయి. నేను మాట మధ్యలో ఆగిపోయాను.

నేను ఆగానని మా ఆయన కంగారుపడి ఫోను దించారు.

ముందే చెప్తున్నాను, "ఆ రోజులే వేరండీ" అని నిట్టూర్చే బాపతు కాదు నేను. ఆ రోజుల్లో మండపేటలో కరెంటు వస్తే విశేషం. దోమలు ఊరందరి ఉమ్మడి ఆస్తి. పదేళ్ళ ఆడపిల్ల పెద్దవాళ్ళని "ఎందుకు?" అని అడిగితే ఇంటిల్లిపాదీ "లాయరమ్మ వచ్చింది" అని నవ్వేవారు. ఆ రోజులు తిరిగి రావాలని నాకేం లేదు. కానీ ఒక వేసవి ఉంది. అందులో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉంది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ గుండెల మీంచి బరువు దిగినట్టుంటుంది. ఆ బరువు అక్కడ పెట్టింది నేనే కాబట్టి, దాని తూకం నాకు బాగా తెలుసు.

అయిదో క్లాసు పరీక్షలు రాసి అమ్మమ్మ గారింటికి వెళ్ళాను. మండపేటలో దిగగానే ముందు పలకరించేది ఉప్పుడు బియ్యం మిల్లుల నుంచి వచ్చే ఉడికిన వడ్ల వాసన. ఆ తరవాతే మనుషులు. అమ్మమ్మ ఇంటి పక్క ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేసుకుని మా చిన్న మావయ్య ఇంజన్లు బాగుచేసేవాడు. పొలం నీళ్ళ ఇంజన్లు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడూ ఒక జీపు. మా పెద్ద మావయ్య ఒక రైసు మిల్లులో ఫోర్‌మన్. తమ్ముడు షెడ్డులో మసి పూసుకోవడం ఆయనకి నచ్చేది కాదు. తను కూడా మిల్లులో మసే పూసుకునేవాడు. అయితే అది యూనిఫారం మీద మసి.

ఆ వేసవిలో షెడ్డులోకి ఒక నల్ల కారు వచ్చింది. రెండు ఎడ్లు లాక్కొచ్చాయి. వెనక గొడుగు వేసుకుని ఒక టీచరుగారు నడిచి వచ్చారు. తెల్ల చీర, తోలు చెప్పులు, చేతిలో బైబిలంత లావు పర్సు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ బడికి పెద్దగా ఉన్న దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఆ కారుని ఈవిడ చేతిలో పెట్టి వెళ్ళిందట. కారు స్వాతంత్ర్యానికి ముందుది. మా ఊళ్ళో ఆడమనిషి కారు నడపగా చూసింది మొదట ఈవిడనే. ఇప్పుడు ఆ ఇంజనులోంచి టకటకమని చప్పుడు. ఎవరో తలుపు కొడుతున్నట్టు.

"ఏరా, రాజమండ్రిలో చూపించాను. క్రాంకు షాఫ్టుని ఇప్పటికే ఎన్నోసార్లు మెషిన్ మీద అరగదీశారట. ఇంకోసారి పెడితే విరుగుతుందట. తూకానికి అమ్మేసుకోమన్నారు" అన్నారు టీచరుగారు.

"మీరేమన్నారండీ?"

"నేను అమ్ముకోనన్నాను. ఇప్పుడు నువ్వేమంటావో చెప్పు."

చిన్న మావయ్య ఈవిడ దగ్గర చదివినవాడే. ఏడో క్లాసులో లెక్కల్లో ముప్పై నాలుగు వచ్చాయి. ముప్పై అయిదు వస్తే పాసు. టీచరుగారు ఆ ఒక్క మార్కు వెయ్యలేదు. అందుకే ఆయన షెడ్డులో ఉన్నాడని అమ్మమ్మ వాదన. ఆ మాట ఆవిడ ఎదురుగానే అనేసేది కూడాను. "ఒక్క మార్కు వేస్తే మీ చెయ్యేమన్నా పడిపోయేదా అండి?"

"తప్పు లెక్కకి మార్కు వేస్తే పడిపోయేదండి" అని టీచరుగారు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తాటిముంజెలు తినేవారు.

ఇంజను విప్పాక చిన్న మావయ్య నాకు ఆ షాఫ్టు చూపించాడు. మెట్లు మెట్లుగా వంచిన లావుపాటి ఇనప కడ్డీ. మూడు చోట్ల ఇంజను దాన్ని పట్టుకుని ఉంటుంది. నాలుగు చోట్ల అది పిస్టన్ల చేతులు పట్టుకుని ఉంటుంది. పట్టుకునే ప్రతిచోటా రెండు సగం చిప్పలు, వాటి లోపల మెత్తటి తెల్లటి లోహం పూత. అదే బేరింగు. తిరిగి తిరిగి షాఫ్టు ఆ చోట్ల అరిగింది. గుండ్రంగా అరిగినా బాధ లేకపోను, కోడిగుడ్డులా అరిగింది.

"కోడిగుడ్డు గుండ్రటి గూట్లో తిరిగితే ఏమవుతుందే?"

"టకటకలాడుతుంది."

"అంతే. నీకున్న బుర్ర ఆ రాజమండ్రి వాడికి లేదు" అన్నాడు. నేను ఆ వేసవంతా ఆ మాటమీద బతికాను.

మెషిన్ మీద పెడితే చుట్టూ ఒకేలా కోసేస్తుంది. ఉన్న కాస్త ఇనుమూ పోతుంది. చేత్తో అయితే ఎత్తుగా ఉన్న వైపు మాత్రమే రుద్దొచ్చు. గరుకు గుడ్డని ఆయిలులో ముంచి, అరిగిన చోట చుట్టి, దాని మీద తాడు రెండు చుట్లు వేసి అటూ ఇటూ లాగాలి. ఇదంతా వినగానే పెద్ద మావయ్య పకపకా నవ్వాడు.

"కారు ఇంజన్ని తాడుతో బాగుచేస్తావా? ఒరేయ్, మిల్లులో ఫిట్టరు పని నీకోసం పట్టి ఉంచాను. సోమవారం రమ్మంటే రావు. ఇదిగో, బడులు తెరిచేముందు ఆదివారం నాటికి ఈ కారు ధవళేశ్వరం వెళ్ళి తిరిగి రావాలి. వస్తే నేను మళ్ళీ మిల్లు మాటెత్తను. రాలేదా, సోమవారం నువ్వు మిల్లుకి, ఈ షెడ్డు గోనెసంచులకి."

"సరే అన్నయ్యా" అన్నాడు చిన్న మావయ్య, అమ్మమ్మ ఎదురుగా. అమ్మమ్మ ఎదురుగా అన్న మాటకి వెనక్కి పోవడం ఆ ఇంట్లో లేదు.

మొదటి వారం తాడు ఒక చివర మావయ్య, ఇంకో చివర నేను. ఆయన లాగితే నేను తాడుతోపాటు వెళ్ళిపోయేదాన్ని. నేను లాగితే తాడు కదిలేది కాదు. మైక్రోమీటరు పెట్టి కొలిస్తే ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. మావయ్య ముఖం నల్లబడుతోంది. మసి వల్ల కాదు, దిగులు వల్ల.

అప్పుడు అమ్మమ్మ వసారాలో స్తంభం దగ్గర మజ్జిగ చిలుకుతోంది. చిలుకుతూనే అంది, "అదేం లాగుడురా? ఒక చెయ్యి దున్నపోతు, ఒక చెయ్యి కోడిపిల్ల. అలా లాగితే వెన్నే పడదు."

"ఇది వెన్న కాదే అమ్మా."

"తాడు తాడేగా? జరుగు."

కవ్వానికి చుట్టిన తాడు విప్పి పట్టుకొచ్చింది. నూలు తాడు. చేతుల రాపిడికి పట్టులా నున్నగా అయిపోయింది. షాఫ్టుని కవ్వంలా నిలబెట్టి స్తంభానికి కట్టమంది. కట్టాడు. చీర కొంగు బొడ్లో దోపుకుని, రెండు చివర్లూ తనే పట్టుకుని మొదలెట్టింది. సుయ్... సుయ్... సుయ్. మజ్జిగ చప్పుడే, కాకపోతే మజ్జిగ లేదు.

"లాగడం కాదురా గొప్ప. వదిలే చెయ్యి చూసుకోవాలి. ఒక చెయ్యి ఎంత వదిలితే ఇంకో చెయ్యి అంతే పుచ్చుకోవాలి."

వంద లాగులకి ఒకసారి మావయ్య షాఫ్టుని తుడిచి కొలిచేవాడు. ఏ పక్క రుద్దాలో సుద్దతో గీసేవాడు. అమ్మమ్మ ఆ గీత దగ్గర చేతులు తేలిక చేసేది, లేదా బరువు పెంచేది. పన్నెండు రోజులు అలా గడిచాయి. చివరిరోజు మావయ్య మైక్రోమీటరు తిప్పి, మళ్ళీ తిప్పి, నేల మీద కూర్చుండిపోయాడు.

"వెంట్రుకలో సగం తేడా కూడా లేదే అమ్మా."

"ఉంటే సిగ్గుచేటు. ఎన్నేళ్ళ మజ్జిగనుకున్నావు!"

తాడు మాత్రం పోయింది. ఆయిలూ ఇనప రజనూ తాగి బొగ్గులా అయింది. కొత్త తాడు తెచ్చారు. అది అమ్మమ్మ అరచేతులు కోసేసింది. వెన్న సరిగ్గా పడటం మానేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనివల్లే కొంప మునగబోయింది.

తరవాత బేరింగుల పని. మావయ్య బొగ్గుల కుంపటి మీద మూకుడులో తెల్ల లోహం కరిగించాడు. వేడి సరిపోయిందో లేదో చూడ్డానికి కొబ్బరి ఈనె ముంచేవాడు. గోధుమరంగుకి తిరిగితే సరిపోయినట్టు. నల్లబడితే ఎక్కువైనట్టు. లోహం పోసి, చల్లారాక షాఫ్టుకి పల్చగా నీలం రంగు పూసి, చిప్పల్లో పెట్టి తిప్పేవాడు. విప్పి చూస్తే ఎక్కడ ఎత్తు ఉంటే అక్కడ నీలం అంటుకునేది. పాత ఆకురాయిని సానబెట్టి చేసుకున్న గీకుడు కత్తితో, నీలం అంటిన చోటల్లా చెవిలో గుబిలి తీసినంత సుతారంగా గీకేవాడు. మళ్ళీ పూత, మళ్ళీ తిప్పుడు, మళ్ళీ గీకుడు. చిప్పంతా నీలం చుక్కలు చుక్కలుగా, తట్టు పోసినట్టు కనబడేదాకా. ఒకసారి గీకిన లోహం మళ్ళీ అంటుకోదు. ఎక్కువ గీకితే మొత్తం కరిగించి మొదటికి రావాలి.

రెండు చిప్పల మధ్యా పల్చటి ఇత్తడి రేకులు పెడతారు. షిమ్ములంటారు, మావయ్య రేకులనేవాడు. ఉల్లిపొర లాంటివి, బోల్టు పోవడానికి కన్నాలతో. ఎన్ని రేకులుంటే అంత వదులు. ఒకటి తీస్తే అంత బిగువు. ఏ బేరింగు రేకులు ఆ బేరింగుకే. మావయ్య తనకి కావలసిన లెక్క ప్రకారం ఏడు దొంతులు పేర్చి నాకిచ్చాడు.

"కిరసనాయిల్లో కడిగి, తుడిచి, ఒక్కో దొంతికి ఒక్కో రంగు దారం కట్టు. నడిమి బేరింగుకి ఎర్ర దారం. ఒక్కటి పోయినా ఇంజను తిరగదు, తెలిసిందా?"

"తెలిసింది."

"నువ్వు కట్టాక నేను లెక్కపెట్టను. లెక్కలు నాకు రావని ఊరందరికీ తెలుసు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం కిరీటం పెట్టినట్టయింది.

అదే రోజుల్లో పెరట్లో మామిడి తాండ్ర సాగుతోంది. తాటాకు చాపల మీద బెల్లం కలిపిన రసం పలచగా పోయడం, ఎండాక ఇంకో పొర, మర్నాడు ఇంకో పొర. ఈగలు, చీమలు, వాటిని తోలే మేము. ఆ చాపల అంచుల్ని మధ్యమధ్యలో లేపి సవరించకపోతే తాండ్ర పట్టేసుకుంటుంది. చాకైతే చాపని కోస్తుంది. వేలైతే అంటుకుంటుంది.

అమ్మమ్మ నేను కడుగుతున్న చోటికి వచ్చింది. "ఏంటే అది, బంగారంలా మెరుస్తోంది?"

"ఇంజను రేకు."

"ఎంత పల్చగా ఉంది! చాప అంచు లేపడానికి దీన్ని మించింది లేదు. ఒకటి ఇటు పడెయ్."

"ఇవ్వకూడదు. మావయ్య లెక్క."

"వాడు నా తాడు పట్టుకెళ్ళేటప్పుడు నా లెక్క అడిగాడా? చేతులు చూడు, ఎలా పొక్కాయో. సాయంత్రానికి ఇచ్చేస్తానే."

ఆ వయసుకే ఎదుటివాళ్ళ మాటలో కన్నం ఎక్కడుందో వెతకడం నా వృత్తి. ఈ మాటలో కన్నం దొరకలేదు. తాడు పట్టుకొచ్చింది తనే కదా అని అప్పుడు తట్టలేదు. ఎర్ర దారం దొంతిలోంచి ఒక రేకు తీసి ఇచ్చాను. మిగిలినవాటికి అదే దారం మళ్ళీ బిగించి కట్టాను. సాయంత్రం అమ్మమ్మ మరిచిపోయింది. నేను రెండు రోజులు గుర్తు పెట్టుకుని, మూడో రోజు చెరువు గట్టున గేదె ఈనిందంటే చూడ్డానికి పరిగెత్తి, మరిచిపోయాను.

ఆదివారానికి ముందు శుక్రవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. షాఫ్టుని ఇంజనులో కూర్చోబెట్టారు. మొదటి బేరింగు బిగించి మావయ్య చేత్తో తిప్పాడు. తిరిగింది. మూడోది బిగించాడు. తిరిగింది. నడిమిది బిగించాడు. కదల్లేదు.

వదులు చేశాడు. తిరిగింది. బిగించాడు. కదల్లేదు.

టీచరుగారు గొడుగు మడిచి స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పెద్ద మావయ్య మిల్లులో భోజనం బెల్లు కొట్టాక సైకిలు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చిన్న మావయ్య చిప్ప విప్పి, అరచేతిలో పెట్టుకుని, దాని వైపు చాలాసేపు చూశాడు.

"నా చెయ్యి తప్పింది" అన్నాడు.

"ఏం తప్పిందిరా?" అన్నారు టీచరుగారు.

"తెలీదండి. ఎక్కడో ఎత్తు ఉండిపోయింది. ఈ చిప్ప బాగుందనే అనుకున్నానండి. ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. చెయ్యే తప్పితే ఇంక ఏం చెప్తాను?"

పెద్ద మావయ్య నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అదింకా అన్యాయం. మెల్లిగా వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలేరా. నీకు చేతనైంది చేశావు. సోమవారం నాతో రా. సైకిలు మీద ఇద్దరం పోదాం."

ఆయన అలా మంచిగా అనేసరికి చిన్న మావయ్య కళ్ళు నిండాయి. మోచేత్తో తుడుచుకుని గీకుడు కత్తి అందుకున్నాడు. "ఇంకాస్త గీకి చూస్తానన్నయ్యా."

అప్పుడు చూశాను నేను ఎర్ర దారం. బల్ల మీద, విప్పి పడేసి ఉంది. దాని పక్కన ఆ దొంతి రేకులు. అందులో ఒకటి తక్కువని అప్పుడు గుర్తొచ్చింది. కత్తి మొన లోహానికి జానెడు దూరంలో ఉంది. అది తాకితే బాగున్న బేరింగు పోతుంది. మళ్ళీ కరిగించి, పోసి, గీకడానికి రోజుల్లేవు. చెప్తే వీపు పగులుతుంది. అది నాకు పెద్ద లెక్క కాదు, వీపుకి అలవాటే. "నువ్వు కట్టాక నేను లెక్కపెట్టను" అన్నాడే, అది పోతుంది. దానికోసం నోరు పెగల్లేదు.

పెగిలినప్పుడు కూడా వంకరగానే పెగిలింది.

"మావయ్యా, అది తిరగకపోతే తప్పు చిప్పదేనని ఎవరు చెప్పారు?"

"ఊరుకోవే. ఇప్పుడా నీ వాదనలు!" అన్నాడు పెద్ద మావయ్య.

"ఎందుకు ఊరుకోవాలి? రేకు తక్కువైనా తిరగదుగా!"

కత్తి ఆగింది. చిన్న మావయ్య తలెత్తాడు.

"ఏ దొంతిలోంచి?"

"ఎర్ర దారం."

"ఎన్ని?"

"ఒక్కటి. నేనే తీశాను. నేనే మళ్ళీ కట్టాను."

కళ్ళు మూసుకుని చెంప సిద్ధంగా పెట్టాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే మావయ్య ఆ చిప్పని గుండెకి ఆనించుకుని నవ్వుతున్నాడు. నవ్వుతూంటే కళ్ళలో నిండిన నీళ్ళు ఇప్పుడు కారాయి.

"అయితే నా చెయ్యి తప్పలేదన్నమాట! అన్నయ్యా, విన్నావా? చెయ్యి తప్పలేదు!"

రేకు పోయిందన్న కోపం ఆయన ముఖంలో వెతికాను. దొరకలేదు. ఇన్నేళ్ళ తరవాత అర్థమైంది. పనిచేసే మనిషి, వస్తువు పోతే ఇంకోటి చేసుకుంటాడు. చెయ్యి మీద నమ్మకం పోతే దాన్ని ఏ మెషిన్ మీదా పెట్టి బాగుచెయ్యలేడు.

"ఇంతకీ ఆ రేకేదే? అంత పల్చటిది ఊళ్ళో దొరకదు" అన్నాడు కాసేపటికి. నేను వసారా వైపు చూశాను. నా చూపు వెంట అందరూ చూశారు. అమ్మమ్మ ఆవలించింది.

"నావైపు చూస్తారేంటి? చాప అంచునే పెట్టాను. అక్కడే ఉంటుంది."

అక్కడ లేదు. చాప కింద లేదు. చూరులో లేదు. అమ్మమ్మ నన్ను అడిగింది, "మొన్న పొర పోసింది నువ్వేగా? అంచున రేకు చూళ్ళేదూ?"

చూడలేదు. చూడకుండా దాని మీదే రసం పోసేశాను. ఆ మర్నాడు ఇంకో పొర. ఆ మర్నాడు ఇంకోటి.

"తాండ్రలో ఉంది" అన్నారు టీచరుగారు. లెక్క తేలినట్టు గొడుగు నేలకి తాటించారు.

"అయితే ఉండనివ్వండి. ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడు ఎత్తితే చిరిగి చేటవుతుంది" అని అమ్మమ్మ చాపకి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, నన్ను మిల్లుకి పంపుతావా?"

"పంపను. తాండ్రా కొయ్యను."

"రెండూ కుదరవే."

అమ్మమ్మ ఒకసారి చాప వంక, ఒకసారి కొడుకు వంక చూసింది. "మీ తాత పోయినప్పుడు కూడా నేను పచ్చి తాండ్ర ఎత్తలేదురా" అంటూనే వంగింది. మావయ్యలిద్దరూ, అమ్మమ్మ, నేను తలో మూల పట్టుకుని చాప నుంచి ఆ తాండ్రని మెల్లగా ఒలిచాం. ఒలిచి, దుప్పటి ఆరేసినట్టు ఎండకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాం. ఎండ దాని లోపలికి దిగింది. పెరడంతా తేనె రంగు. ఆ తేనె రంగు నడుమ, ఒక మూలకి దగ్గరగా, నల్లగా నలుపలకల నీడ. నీడలో రెండు చిన్న గుండ్రటి వెలుగులు. బోల్టు కన్నాలు.

ఎక్స్‌రేలో ఎముక చూసినట్టు అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. పెద్ద మావయ్య యూనిఫారం మీద రసం కారుతోంది. ఆయన వదల్లేదు.

ఆ ముక్క కోసి, రేకు బయటికి తీసి, మావయ్య దానికంటిన తాండ్ర ముందు పళ్ళతో గీకి తిన్నాడు. తరవాత కిరసనాయిల్లో మూడుసార్లు కడిగాడు. దొంతిలో పెట్టబోయి ఆగి, మొత్తం రేకులు నా చేతిలో పోశాడు.

"లెక్కపెట్టు."

"నేనా?"

"నువ్వే. పైకి లెక్కపెట్టు. అందరూ వింటారు."

లెక్కపెట్టాను. ఆయన బేరింగు బిగించాడు. ఒక వేలితో షాఫ్టుని తోశాడు. తిరిగింది. వేలు తీశాక కూడా కొంచెంసేపు తిరిగింది.

శనివారం ఇంజను మూత పడింది. ఆదివారం పొద్దున్న స్టార్టు చేశారు. మావయ్య పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. టీచరుగారికిచ్చాడు. నాకిచ్చాడు. అమ్మమ్మ నాకొద్దంటూనే లాక్కుని చెవికి పెట్టుకుంది.

"మజ్జిగలాగే ఉందిరా" అంది.

చర్చి అయ్యాక టీచరుగారు నడుపుతూ, పక్కన అమ్మమ్మ, వెనక మావయ్య, నేను, కాలవ గట్టు మీదుగా ధవళేశ్వరం వెళ్ళాం. దారిలో నేను ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చాను, టకటక వినిపిస్తుందేమోనని. వినిపించలేదు. ఆనకట్ట దగ్గర కారు ఆపి దిగితే గోదావరి గాలి మొహానికి కొట్టింది. ఇంజను ఆపాక వచ్చిన నిశ్శబ్దంలో టీచరుగారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని, "ఏరా, ఆ ఒక్క మార్కు ఇవాళ వేశాను" అన్నారు.

"ఇప్పుడా అండి!" అంది అమ్మమ్మ.

తిరిగొచ్చేసరికి పెద్ద మావయ్య ఊరి మొదట్లోనే సైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. మా కారు కనబడగానే ఎక్కి మా ముందు తొక్కడం మొదలెట్టాడు. ఇంటిదాకా బెల్లు కొట్టుకుంటూ, జనాన్ని తప్పిస్తూ. మిల్లు మాట మళ్ళీ ఎత్తలేదు. నడుమ రేకు ఆకారంలో కన్నమున్న తాండ్ర ముక్క అమ్మమ్మ ఆయనకే పెట్టింది. ఆయన కన్నంలోంచి నన్ను చూసి కన్ను కొట్టాడు.

ఇప్పుడు షెడ్డు లేదు, కారు ఎవరో కొనుక్కుని ఎక్కడికో తీసుకుపోయారు, అమ్మమ్మ, మావయ్యలిద్దరు, టీచరుగారు, ఆ నలుగురిలో ఎవరూ లేరు. అది వయసు చేసే పని, అందులో వాదించడానికేం లేదు. కానీ చిన్న మావయ్య చివరిదాకా ఆ షెడ్డులోనే పనిచేశాడు. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు వెళ్ళినా సరే, రేకులు నా ముందు పోసేవాడు. "లెక్కపెట్టు లాయరమ్మా." నమ్మకం పోయి కాదు. నాకు తెలుసు. తాండ్ర మాత్రం ఈనాటికీ వెలుగుకి పట్టి చూడకుండా కొరకను. షాపులో కొన్న ప్యాకెట్టు తాండ్రైనా సరే.

సర్వీసు సెంటరు నుంచి మా కారుని మండపేటకి లాక్కెళ్ళాను. ఎడ్లు కాదు, వ్యాను. ఊరి చివర లేతు మెషిన్ పెట్టుకున్న ఒక పెద్దాయన షాఫ్టు తిప్పి చూసి, "ఆయ్, ఒక కోత పెడితే సరిపోద్దండి. కొత్త బేరింగులు వేద్దాం" అన్నారు. వారం తరవాత వెళ్ళేసరికి ఇంజను బిగించడానికి సిద్ధంగా ఉంది.

"రేకులు లెక్కపెట్టారా?" అన్నాను.

"ఈ ఇంజన్లలో రేకులుండవండి."

"ఉన్నవేవో అవి లెక్కపెట్టండి."

ఆయన మా ఆయన వంక చూశారు. మా ఆయన గోడవైపు తిరిగారు. పెద్దాయన నిట్టూర్చి, గుడ్డ మీద పేర్చిన బేరింగు చిప్పల్ని ఒక్కొక్కటే వేలితో తాకుతూ పైకి లెక్కపెట్టారు. సరిపోయాయి. బిగించి స్టార్టు చేశాక పొడుగాటి స్క్రూడ్రైవరొకటి అడిగి తీసుకున్నాను. చెవికి ఆనించాను. లోపల ఎక్కడో, ఒక చెయ్యి ఎంత వదిలితే ఇంకో చెయ్యి అంతే పుచ్చుకుంటూ, సుయ్... సుయ్... సుయ్.

"ఎలా ఉందండి?" అన్నారు పెద్దాయన.

"వెన్న పడుతుంది, బిల్లు రాయండి" అన్నాను.